చేతి గడియారము – దేహశక్తి లెక్క



నాకు అరువది యేండ్లు దాటినవి. మోకాళ్లు నొచ్చుచుండగా, బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పెను. పట్టణమందున్న మా కుమారుడు చేతికి ధరించు గడియారము నొకదానిని పంపెను. అది నడచిన యడుగులను, నాడి వేగమును, దేహమున ఖర్చయిన కాలరీలను గూడ చూపును. ఒకనాటి యుదయమున చెరువుగట్టుపై నడచివచ్చి చూడగా 300 అని కనబడెను. ఇంత ఖర్చయినది గదా యని సంతసించి రెండరిసెలు తింటిని. ఇట్లు మూడు మాసములు గడచినవి. త్రాసు నెక్కి చూడగా, బరువు రెండు కిలోలు పెరిగియుండెను!

కారణమేమి? ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు వలయు వేడిమిని వాడుకలో ఒక కాలరీ యందురు. మనము తిన్న యన్నము ఇచ్చు శక్తిని ఈ కొలతతోనే చెప్పుదురు. ఆ ఖర్చును సరిగా తెలియవలెనన్న, మనుష్యుడు వినియోగించుకొన్న ప్రాణవాయువును, విడిచిన బొగ్గుపులుసు గాలిని కొలువవలెను. గడియారమునకు మన యూపిరి యందదు. అది పచ్చని వెలుగును చర్మముపై ప్రసరింపజేసి నాడిని లెక్కించును. చేతి కదలికను గ్రహించును. వీనికి మన వయస్సును, ఎత్తును, బరువును జోడించి, ఇతరుల దేహములను పరీక్షించి కట్టిన సూత్రముచే ఒక సంఖ్యను చెప్పును.

పైరును చూచి చెప్పిన దిగుబడి వేరు, కళ్లమున కొలిచిన రాశి వేరు. గడియారము చెప్పునది పైరును చూచి చెప్పిన మాటయే. భయముచేతను, జ్వరముచేతను గూడ నాడి వేగపడును. అది శ్రమ కాదు. గడ్డిమోపును తలపై నిడుకొని రెండు చేతులతో పట్టి నడచువాని చేయి ఊగదు. శ్రమ మాత్రము అధికము. అంతేకాక, ఊరక కూర్చున్నను ఖర్చగు శక్తి కొన్ని లెక్కలలో కలిసియుండును.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 60 మందిచే ఏడు రకముల యంత్రములను ధరింపజేసి, ఫలితములను 2017లో ప్రకటించిరి. నాడి లెక్కలో ఆరు యంత్రముల పొరపాటు నూటికి 5 లోపే. కాలరీల లెక్కలో నన్ననో, ఉత్తమమైనది సగటున నూటికి 27, అధమమైనది 93 తప్పినవి. ఆ దేశమందే పిట్స్‌బర్గులో 471 మంది యువజనులపై రెండేండ్లు జరిగిన పరీక్ష 2016లో వెలువడినది. యంత్రమును ధరించినవారు సుమారు 3.5 కిలోలు తగ్గగా, ధరింపనివారు 5.9 కిలోలు తగ్గిరి.

మరియొక చిక్కు గలదు. దేహము తేలికయగుకొలది అదే నడకకు ఖర్చు తగ్గును. గడియారమున పాత బరువునే యుంచినచో లెక్క మరింత తప్పును.

యంత్రమును పారవేయుడని నేననుట లేదు. నిన్నటికంటె నేడెంత నడచితిమో తెలిసికొనుటకు అది మంచి తోడు. కాని అది చూపిన కాలరీలను తిండికి చెల్లుచీటిగా నెంచరాదు. వారమున కొకసారి, ఉదయమున, ఏమియు తినకమునుపు, ఒకే త్రాసుపై తూగుడు. మధుమేహమునకు మందు తీసికొనువారు వైద్యుని యడుగకయే నడకను, తిండిని మార్చరాదు.

నేను అరిసెలను పండుగకు విడిచితిని, నడకను మాత్రము విడువలేదు. ఇప్పుడు త్రాసు నాకు సాక్షి. మోకాళ్లును కొంత సాక్ష్యము చెప్పుచున్నవి. సెలవు.