మీకు తెలుసా? కుక్కపిల్ల గుణం సంక్రాంతికీ ఉగాదికీ మధ్య కుదురుకుంటుంది

అమీర్‌పేట మెట్రో దిగి పంజాగుట్ట వైపు సందుల్లో నడిస్తే ప్రతి టిఫిన్ బండి పక్కనా ఒక కుక్క కనిపిస్తుంది. చలికాలమైతే దాని వెనకాలే పిల్లలు. ఏటా ఆ రోజుల్లో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు: "మెట్ల కింద నాలుగు పిల్లలున్నాయి, ఏది తెచ్చుకోమంటారు?" అందరికీ విడివిడిగా చెప్పే మాటలన్నీ ఒకచోట పెడుతున్నాను.

◆ కూన ఎప్పుడు పుడుతుందో కార్తె చెబుతుంది

చిత్తకార్తె కుక్కలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కార్తె అక్టోబరు రెండో వారంలో వచ్చి దాదాపు పద్నాలుగు రోజులుంటుంది. వానలు వెనకబట్టిన ఆ రోజుల్లోనే ఊరకుక్కలు ఎక్కువగా జతకడతాయి. కుక్క చూలు మోసేది సుమారు 63 రోజులు. లెక్కేస్తే కాన్పు డిసెంబరు నడిమి నుంచి నెలాఖరులోపు. పిల్లలు కళ్లు తెరవడానికి రెండు వారాలు. మూడో వారం నిండేసరికి సంక్రాంతి, పన్నెండో వారం దాటేసరికి ఉగాది దగ్గరపడుతుంది. అన్నీ ఇదే లెక్కన పుట్టవు గానీ, ఈ రెండు పండుగల మధ్య కాలాన్ని గుర్తుపెట్టుకోండి.

◆ పద్నాలుగు వారాలు మనిషిని చూడని కూన ఏమైంది?

అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల ఉంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు అక్కడ ఏళ్ల తరబడి కుక్కలను పెంచి చూసి, 1965లో ఒక పెద్ద పుస్తకం వేశారు. అక్కడే జరిగిన మరో ప్రయోగం 1961లో అచ్చయింది. ఎత్తైన కంచె కట్టిన పొలంలో కూనల్ని మనిషి కంటపడకుండా పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, అయిదు, ఏడు, తొమ్మిది వారాల వయసులో బయటికి తెచ్చి వారం రోజులు మనుషుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాలదాకా మనిషి చెయ్యి తగలని కూనలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా దగ్గరికి రాలేదు. మనిషికి మచ్చికయ్యే తలుపు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా తెరిచి ఉంటుంది; అది మూసుకుపోయాక తెరవడం చాలా కష్టం.

2023 ఫిబ్రవరిలో బాగ్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు పొట్టనబెట్టుకున్నాక నగరంలో కుక్కంటే హడల్ పెరిగింది. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ కుక్కకాట్లలో చాలావాటికి మూలం కుక్కలో ఉండే భయమే. ఆ భయం పాతుకుపోయేదీ, పాతుకోకుండా మనం ఆపగలిగేదీ ఈ పది వారాల్లోనే.

◆ దేశదేశాల్లో వాడే పరీక్ష ఒకటుంది

జాక్, వెండీ వోల్‌హార్డ్ దంపతులు పేరుకెక్కించిన పరీక్ష అది. కూనకు 49వ రోజున, దానికి అలవాటు లేని చోట, అది ఎరగని మనిషి చెయ్యాలి. అంశాలు పది, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా అంకె. పిలిస్తే వస్తుందా? లేచి నడిస్తే వెంట పడుతుందా? వెల్లకిలా పట్టుకుంటే గింజుకుంటుందా? కాసేపు నేలకు పైన ఎత్తి పట్టుకుంటే ఏం చేస్తుంది? కాగితపు ఉండ విసిరితే తెస్తుందా? గిన్నె మీద చెంచాతో కొడితే, ఎదుట గొడుగు తెరిస్తే ఎలా ఉంటుంది? ఎక్కువగా 1 వచ్చింది మొండిఘటం, 6 వచ్చింది మనుషుల్ని పట్టించుకోనిది, 3 దగ్గర ఆగింది ఇంట్లో ఇమిడేది అని లెక్క. వెల్లకిలా పట్టే అంశం నాకు నచ్చదు. కూనను బలవంతంగా అదిమితే తెలిసేది దాని గుణం కాదు, మన చేతి మొరటుతనం. ఒడిలో కూర్చోబెట్టుకుని మెల్లగా పట్టుకుంటే చాలు.

పోయినేడు ఎల్లారెడ్డిగూడలో మా సందు చివరి హాస్టల్ మెట్ల కింద నాలుగు పిల్లలున్నాయి. తెలిసినవాళ్ల కోసం చూడ్డానికి వెళ్లి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక్కటి కొట్టాను. ఎర్రది మొరుగుతూ మీదికొచ్చింది. నల్లది చెవులు వెనక్కి వేసి గోనెసంచి చాటుకు పోయింది. అర నిమిషంలో ముక్కు బయటపెట్టి, పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చి పళ్లెం అంచు వాసన చూసింది. మూడోది బాగా తిని నిద్రపోతోంది. తెల్లమచ్చది మాత్రం మూలకు నక్కి మేం ఉన్నంతసేపూ బయటికి రాలేదు. "ఇది పిరికిది, వద్దు" అన్నాను. వాచ్‌మెన్ భార్య ఒప్పుకోలేదు. "అది పిరికిది గాదు సార్. నిన్న స్కూటర్ కింద పడబోయి తప్పించుకున్నది, గందుకే జడుసుకుంటున్నది. రేపు మల్ల రాండ్రి" అంది.

మర్నాడు సాయంత్రం వెళితే మొదట ఒళ్లోకి ఎక్కింది ఆ తెల్లమచ్చదే. నా చెప్పు పట్టీ నోట కరుచుకుని వదల్లేదు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పిన తప్పు నాది. రోజూ దానికింత అన్నం పెట్టే మనిషికి తెలిసింది నా గరిటె దెబ్బకు తెలియలేదు. కూన ఉలిక్కిపడిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఉలిక్కిపడ్డాక ఎంతసేపటికి తేరుకుందన్నదే చూడాలి. అదైనా రెండు మూడు రోజులు, వేర్వేరు పూటల్లో చూడాలి.

◆ పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

అంటారుగానీ కూనల విషయంలో ఆ సామెత నిలవలేదు. వియన్నాలో స్టెఫనీ రీమర్ బృందం బోర్డర్ కోలీ జాతి కుక్కలను పురిటి రోజుల్లో ఒకసారి, 40-50 రోజుల వయసులో ఒకసారి, ఏడాదిన్నర దాటాక మరోసారి పరీక్షించింది. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. కూనగా ఉన్నప్పటి ప్రవర్తనకూ పెద్దయ్యాకటి ప్రవర్తనకూ పొంతన చాలా తక్కువ. కొత్త చోటును తిరిగి శోధించే చురుకుదనం ఒక్కటే మిగిలింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతే ఇక్కడ గెలిచింది. పరీక్ష చెప్పేది ఈ రోజు సంగతి. రేపటి సంగతి పెంపకం చేతుల్లో ఉంది.

◆ జాతి చెప్పేది కొంచెమే

ల్యాబ్రడార్ అయితే సాధువు, ఊరకుక్క అయితే గడుగ్గాయి అనుకునేవాళ్లకు: 18,385 కుక్కల వివరాలతో 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతితో ముడిపడేది సుమారు 9 శాతమే.

◆ తల్లి ఎలా పాలిస్తోందో చూడండి

అమెరికాలో అంధులకు తోడుగా నడిచే కుక్కల్ని పెంచే 'సీయింగ్ ఐ' సంస్థలో 23 తల్లుల్ని, వాటి 98 పిల్లల్ని గమనించారు. మరీ ముద్దుచేసిన తల్లుల పిల్లలు శిక్షణలో తప్పడం ఎక్కువ. పడుకుని కాక, నిలబడో కూర్చునో పాలిచ్చిన తల్లుల పిల్లలు కష్టపడి అందుకుని తాగాలి కదా, అవి ఎక్కువగా నెగ్గాయి. 2017లో వచ్చిందీ ఫలితం. మన సందులో తల్లికుక్క దగ్గర ఇంకొకటి కూడా చూడాలి: మనిషి దగ్గరికొస్తే పళ్లు బయటపెడుతుందా, తోక ఊపుతుందా? పిల్లలు ఆ పాఠం రోజూ చూసి నేర్చుకుంటాయి.

◆ నెమ్మదిగా ఉన్నదల్లా సాధువు కాదు

తోబుట్టువులు ఆడుతుంటే ఒక్కటే మూలన ముడుచుకుందా? వాంతులు, రక్తవిరేచనాలు ఉన్నాయేమో చూడండి. పార్వో వైరస్ జబ్బు అయితే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. పొట్ట డోలులా ఉబ్బి ఉంటే నులిపురుగులు. ముందు డాక్టరు, తర్వాతే గుణం మాట. టీకా వేయించిన రోజున ఏ పరీక్షా పెట్టకండి.

◆ ఎనిమిది వారాల లోపు అమ్మకూడదు

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఉన్న మాట ఇది. 49వ రోజున వెళ్లి చూసి రావచ్చు. ఇంకో వారం తల్లీతోబుట్టువుల దగ్గరే ఉండనివ్వండి. ఆటలో ఎంత గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమంటుందో అక్కడే నేర్చుకుంటుంది.

◆ కొనాల్సిన అవసరమే లేదు

పంజాగుట్టకు దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ దేశవాళీ కూనల దత్తత మేళా పెట్టింది. జూబ్లీహిల్స్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ ఉంది. ఇవేవీ కాకపోయినా మీ మెట్ల కింద చూడండి.

◆ వందలో 19

కోల్‌కతా ఐసర్ పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధి కూనల్ని వదలకుండా గమనించారు. ఏడు నెలల వయసుదాకా బతికింది 19 శాతమే. చనిపోయినవాటిలో సగానికి పైగా మనుషుల వల్లే పోయాయి. ఆ లెక్క చదివినప్పటి నుంచి మెట్ల కింద నాలుగు పిల్లలు కనిపిస్తే, వీటిలో ఉగాది చూసేది ఏదో అనిపిస్తుంది నాకు.

◆ సంక్రాంతి వారం

మూడో వారం సంక్రాంతికి వస్తుందన్నాను కదా. సరిగ్గా అప్పుడే అమీర్‌పేట హాస్టళ్లు ఖాళీ అవుతాయి. మెస్సులు మూస్తారు, టిఫిన్ బండ్లవాళ్లు ఊళ్లకు వెళ్తారు. పాలిచ్చే తల్లికి తిండి దొరకనిదీ, పిల్లలు మనిషి చెయ్యి మొదటిసారి తెలుసుకోవాల్సినదీ ఆ వారమే. పండక్కి ఊరెళ్లకుండా ఇక్కడే ఉండిపోయేవాళ్లు ఆ తల్లికి పూటకింత పెరుగన్నం, ఒక గిన్నెడు నీళ్లు పెట్టండి. అది ఒప్పుకుంటే పక్కన పది నిమిషాలు కూర్చోండి. పిల్లలే వచ్చి మీ చెయ్యి వాసన చూస్తాయి.