మరల కలము పట్టు వేళ

ధవళేశ్వరమునకు దిగువను రెండుగా చీలిన గోదావరి, తూర్పుపాయ గౌతమిగాను పడమటిపాయ వసిష్ఠగాను సముద్రాభిముఖముగా సాగుచుండ, ఆ రెండింటి నడుమ జాతీయ రహదారిపై కోనసీమకు ముఖద్వారమని పేరొందిన పట్టణము రావులపాలెము. తెల్లవారకమునుపే ఇచ్చటి అరటి మార్కెట్టులో చక్కెరకేళి గెలలును కర్పూరపు గెలలును దిగుచుండును. ఆ వేళకే ఇండ్లలో స్త్రీలు పొయ్యి వెలిగించి, స్కూలు బస్సు వచ్చులోపల క్యారేజీలు సర్దు తొందరలో ఉందురు. వారిలో ఒకనాడు కళాశాల సంచికకు గేయము వ్రాసినవారును, వారపత్రికలో ఒక కథ అచ్చుపడి నలుగురి మెప్పు పొందినవారును లేకపోలేదు. పిమ్మట వివాహమైనది, పిల్లలు కలిగిరి. జ్వరములు, పరీక్షలు, ట్యూషనులు, అత్తమామల వైద్యములు ఒకదాని వెంట నొకటి వచ్చి, పదునైదో ఇరువదియో సంవత్సరములు గడచినవి. కడగొట్టు బిడ్డయు పై చదువునకు హైదరాబాదునకో విశాఖపట్నమునకో వెడలిన పిదప అట్టి స్త్రీ మనస్సున మెదలు ప్రశ్న, 'నేనిప్పుడు మరల వ్రాయగలనా?' అనునది.

ఈ ప్రశ్నలో ప్రతిభను గూర్చిన భయము కనిపించినను, నిజమునకు పోయినది ప్రతిభ కాదు. పోయినవి రెండు: తలపును వాక్యముగా కూర్చు చేతి అలవాటొకటి, తన కాలముపై తనకుండవలసిన అధికారమొకటి. మొదటిది అభ్యాసముచే తిరిగి వచ్చును. రెండవది ఇంటిల్లిపాదితో మాటలాడి సంపాదించుకొనవలసినది. ఈ రెండింటిని వేరు చేసి చూడక, కాలము దొరకకపోవుటను శక్తి లేకపోవుటగా భ్రమించి, ఎందరో స్త్రీలు తమ కలమును తామే మూలపడవైచుచున్నారు.

గృహిణి రచన మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు స్థాపించిన 'హిందూసుందరి' పత్రిక స్త్రీల సంపాదకత్వమున నడచి, తరువాత కాకినాడకు మారినది. భండారు అచ్చమాంబగారి 'ధన త్రయోదశి' కథ వెలువడినది ఆ పత్రికలోనే, ఆ సంవత్సరముననే. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖములోనుండియు ఆమె స్త్రీల చరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను కూర్చిరి. ముప్పది యేండ్ల వయస్సుననే, 1905లో, కన్నుమూసిరి. వసిష్ఠ ఒడ్డుననున్న నరసాపురమున 1918లో జన్మించిన ఇల్లిందల సరస్వతీదేవిగారు హైదరాబాదున స్థిరపడి కథలు వ్రాసి, 'స్వర్ణకమలాలు' సంపుటికి 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును అందుకొనిరి. తెలుగు రచయిత్రులలో ఆ గౌరవము మొదట పొందినవారు వారే. అప్పటికి వారి వయస్సు అరువది దాటినది.

అయినను, మొదలుపెట్టి నడుమ ఆగిపోయినవారి అవస్థ వేరు. దానిని గూర్చి లోతుగా ఆలోచించినవారిలో అమెరికా రచయిత్రి టిల్లీ ఓల్సెన్ ముఖ్యురాలు. యౌవనమున ఆరంభించిన నవలలోని ఒక భాగము 1934లో ప్రచురితమై పేరు తెచ్చినను, నలుగురు కుమార్తెల పెంపకము, కూటికొరకైన ఉద్యోగములు ఆమె కలమును దాదాపు రెండు దశాబ్దములు ఆపివేసినవి. పిల్లలు కొంత ఎదిగిన పిమ్మట రచనా తరగతిలో చేరి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సహాయవేతనము పొంది, 1961లో 'టెల్ మీ ఎ రిడిల్' కథాసంపుటిని వెలువరించిరి. అందలి ఒక కథలో తల్లి బట్టలు ఇస్త్రీ చేయుచు తన పెద్దకుమార్తె బాల్యమును తలచుకొనును. ఏ ఇంటిపని ఓల్సెన్‌ను వ్రాయనీయలేదో ఆ పనియే కథకు రంగస్థలమైనది. పాత నవలను మాత్రము క్రొత్తగా పూర్తి చేయుటకు పూనుకొనక, దొరకిన చిత్తుప్రతులను కూర్చి 1974లో అసంపూర్ణముగనే ప్రకటించిరి. రచయితల మౌనములను, వాని కారణములను విచారించుచు వ్రాసిన 'సైలెన్సెస్' 1978లో వెలువడినది. తల్లి కాలము ఎడతెగక ఖండింపబడుచుండునదియు, పిలిచినంతనే లేవవలసినదియు అగుటయే ఆ మౌనమునకు ముఖ్యహేతువని వారి వాదము.

ఆలస్యము అనర్హత కాదనుటకు నిదర్శనములు పెక్కు కలవు. ముగ్గురు బిడ్డల తల్లియైన ఆంగ్ల రచయిత్రి పెనెలోపి ఫిట్జెరాల్డ్ మొదటి పుస్తకము 1975లో, ఏబదియెనిమిదవ యేట వచ్చినది. నాలుగేండ్లకే బుకర్ బహుమతి లభించినది. మన నిడదవోలు మాలతిగారు 1950 దశకమున కథలు వ్రాయనారంభించి, 1973లో అమెరికాకు వెళ్లి, 2001లో 'తూలిక' పత్రికను స్థాపించి, తెలుగు కథలను ఆంగ్లమున లోకమునకందించుటతో పాటు తామును విరివిగా వ్రాసిరి. రసాయనశాస్త్రము చదివి, భర్తతో కలసి పరిశ్రమ నడపిన సోమరాజు సుశీలగారు నడివయస్సు దాటిన పిమ్మట కలము పట్టి, బాల్యమునుండి 'ఇల్లేరమ్మ కథలు', కర్మాగారపు అనుభవమునుండి 'చిన్న పరిశ్రమలు పెద్ద కథలు' తీసిరి. వ్రాయని సంవత్సరములే వారికి మూలధనమైనవి.

ఆగినది మరల సాగునను సంగతి డెల్టావాసులకు కాలువలను చూచిన సులభముగా బోధపడును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైననాటినుండి నీరిచ్చుచున్న ఈ కాలువలను వేసవిలో కట్టివేసి, పూడిక తీసి, తూడు తొలగించి, లాకుల తలుపులు బాగుచేసి, మరల నీరు వదలుదురు. మొదట వచ్చు నీరు బురదగా ఉన్నదని ఏ రైతును కాలువను నిందింపడు. తిరిగి వ్రాయబూనిన స్త్రీ మాత్రము తన మొదటి పుటలను చూచి, ఇరువదేండ్లనాటి తన కథతో పోల్చుకొని, కాగితము చించివేయును. ఆ పోలిక అన్యాయము. ఆనాటి పిల్లకు వాక్యము సులువుగా వచ్చెనేమో గాని, చెప్పవలసిన విషయము ఇంత లేదు. కావున తొలి రెండు మూడు నెలల వ్రాతను ఎవ్వరికిని చూపనవసరము లేదు; పత్రికకు పంపనవసరము అసలే లేదు.

ప్రక్రియను ఎన్నుకొనుటలోను వివేకము కావలెను. నవలతో ఆరంభించినచో ఎడతెగు కాలమున కథాసూత్రము చేజారును. లేఖ, జ్ఞాపకము, ఒక పుట గల్పిక అరగంటలో ఒక కొలిక్కి వచ్చునవి. బాపట్ల రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మగారు 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' అను శీర్షికన స్నేహితురాలికి వ్రాసిన ఉత్తరముల రూపముననే నాటి స్త్రీల సమస్యలన్నిటిని చర్చించిరి. ఇల్లాలికి చేతనైన ఉత్తరమే ఆమె చేతిలో సాహిత్యమైనది. చేయి ఖాళీ లేనివారికి నేడు ఫోనులో మాటలాడినచో తెలుగు అక్షరములుగా మారు సౌకర్యమున్నది. కూర తరుగుచు చెప్పుకొన్న నాలుగు మాటలను రాత్రి కూర్చుండి దిద్దుకొనవచ్చును. ఇట్లు చెప్పి వ్రాసిన దానిలో గోదావరి యాస సహజముగా నిలుచును.

ఇక విషయమునకు కొదవ ఏమున్నది? 1996 నవంబరు తుపానున కోనసీమ కొబ్బరితోటలు నేలకూలిన రాత్రి పసిబిడ్డను పొత్తిళ్లలో దాచుకొన్న తల్లులు నేటికి నడివయస్సు దాటినవారు. వరద వచ్చిన ప్రతిసారి సామాను నెత్తిన పెట్టుకొని గట్టెక్కిన లంకవాసులు కలరు. వాడపల్లి వేంకటేశ్వరునికి ఏడు శనివారముల మ్రొక్కు చెల్లించువారి కోరికలలో ఎన్ని కథలు! ఆత్రేయపురమున వేడికుండపై పూతరేకు తీయు చేతులకు తెలిసిన ఒడుపును, ఆ కూలి డబ్బుతో బిడ్డను చదివించిన పట్టుదలను, ఆ పని ఎరిగిన స్త్రీ వ్రాసినంత నిండుగా మరియొకరు వ్రాయజాలరు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. చిన్న ఊరిలో కథ అచ్చయినంతనే 'ఇది మా వదినగారి సంగతియే' అని గుర్తుపట్టువారు బయలుదేరుదురు. భర్త నొచ్చుకొనును, కూతురు సిగ్గుపడును. ఈ భయముచేతనే కొందరు పౌరాణికేతివృత్తములలో తలదాచుకొందురు. ఉపాయమేమనగా, మనస్సునకు తగిలిన భావమును మాత్రము ఉంచుకొని సంఘటనను మార్చుట: ఇద్దరిని ఒకరిగా కలుపుట, వదినను పొరుగింటి పెద్దమ్మగా చేయుట, పెండ్లిలో జరిగినదానిని బస్సు ప్రయాణమున పెట్టుట. ఇట్లు మార్చుటయే కల్పన. ఆ అభ్యాసముననే అనుభవము కథయగును.

కాలమును గూర్చి తుదిమాట. దొరకినప్పుడు వ్రాసెదననునది ఎన్నడును జరుగదు, ఏలయన ఇంటిలో ఎవరికిని అక్కరలేని గంట ఉండదు. ఫలానా వేళ అమ్మ వ్రాసుకొనునని అందరికిని తెలియవలెను. ఆ వేళ తలుపు తట్టినవానికి కాఫీ తానే కలుపుకొనుట రావలెను. ఎదిగిన బిడ్డలు తల్లికి కానుకగా చీర కొనుటకంటె ఈ గంటను కాపాడుట మేలు. ఇది ఆమె యొక్కతె వినోదమునకని తలంపరాదు. మన సాహిత్యమున తల్లిని గూర్చి బిడ్డలు వ్రాసినది విస్తారము. ఆమె త్యాగమును కీర్తించినవారు వేలకొలది. బిడ్డను పెంచుటలోని విసుగును, కోపమును, హాస్యమును, సంతోషమును లోపలినుండి ఎరిగి తల్లి తానే చెప్పినది మిక్కిలి స్వల్పము. పెంపకము నడుచుచుండగా చెప్పుటకు ఆమెకు తీరిక లేకపోయెను. ఇప్పుడు చెప్పకున్నచో, ఆ వృత్తాంతము నెరిగి వ్రాయగలవారు వేరొకరు లేరు.