కృత్రిమ మేధ – శ్రమ ఫలం

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడి నేతగాడు చేతిమగ్గం ముందు కూర్చుని, పడుగు పోగుల మధ్య నాడెను ఆడిస్తూ బట్ట నేసేవాడు. ఇరవయ్యో శతాబ్దంలో మరమగ్గం వచ్చింది. నేతవారు దానిని సాంచా అంటారు. ఒక్క మనిషి ఒకేసారి అనేక సాంచాలను చూసుకోగలడు. దానితో బట్ట చవక అయింది, కొనేవారికి మేలు జరిగింది. సాంచాలు కొనగలిగినవారు యజమానులయ్యారు. కొనలేనివారు వాటి దగ్గర కూలికి నిలబడ్డారు. యంత్రం ఒక్కటే, దాని ఫలం మాత్రం అందరికీ ఒకే విధంగా అందలేదు.

నేడు మరొక యంత్రశక్తి వచ్చింది. ఇది తెలివితో చేసే పనులలో ప్రవేశించింది. దీనిని కృత్రిమ మేధ అంటారు. 1955లో జాన్ మెకార్తీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక సమావేశం కోసం రాసిన ప్రతిపాదనలో ఈ పేరును వాడారు. 1956లో డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన ఆ సమావేశంతో ఇది ప్రత్యేక శాస్త్రశాఖగా రూపుదిద్దుకొంది.

యంత్రానికి తెలివి ఎలా వస్తుంది? పసివానికి మామిడాకు లక్షణాలను వర్ణించి ఎవరూ నేర్పరు. నాలుగైదుసార్లు ఆకును చూపి పేరు చెబుతారు. కంప్యూటరుకూ ఇదే పద్ధతిలో నేర్పుతారు. అయితే దానికి నాలుగైదు ఉదాహరణలు చాలవు, లక్షలు కావాలి. అది ముందుగా ఊహించి జవాబు చెబుతుంది. సరైన జవాబుతో పోల్చుకుని తన లెక్కను సవరించుకుంటుంది. ఇలా లక్షలసార్లు సవరించుకున్న తరువాత, మునుపు చూడని ఆకును కూడా చాలావరకు గుర్తించగలుగుతుంది. ఒక్కొక్కసారి పొరబడుతుంది కూడా.

ఈ శక్తి వల్ల కలిగే మేలు చిన్నది కాదు. మధుమేహం ముదిరితే కంటిలోని రెటీనా పొర దెబ్బతింటుంది. తొలిదశలో రోగికి ఆ సంగతి తెలియకపోవచ్చు. రోగులు కోట్లమంది, కంటి వైద్యులు కొద్దిమంది. రెటీనా ఛాయాచిత్రాన్ని చూసి ఈ వ్యాధిని గుర్తించేలా కంప్యూటరుకు నేర్పిన పరిశోధన 2016లో వెలువడింది. దానికి అమెరికాలోని చిత్రాలతో పాటు మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నైలోని శంకర నేత్రాలయ వంటి భారతీయ ఆసుపత్రుల చిత్రాలను కూడా వాడారు. వైద్యుడు లేని ఊరిలో ఇటువంటి సాధనం ఒక మనిషి చూపును కాపాడగలదు.

అయితే ఆ యంత్రం తనంతట తాను నేర్చుకోలేదు. 1,28,175 చిత్రాలను 54 మంది కంటి వైద్యులు పరిశీలించి, ఏది ఏ దశలో ఉన్నదో గుర్తించారు. 2009లో లోకానికి పరిచయమైన ఇమేజ్‌నెట్ అనే చిత్ర భాండాగారంలో క్రమంగా కోటీ 40 లక్షలకు పైగా చిత్రాలు చేరాయి. ఏ చిత్రంలో ఏమున్నదో గుర్తించినవారు 160కి పైగా దేశాలకు చెందిన సుమారు 49 వేల మంది. వారు ఇంటర్నెట్ ద్వారా, చేసిన పనికి ఇంత చొప్పున కూలి తీసుకుని పనిచేశారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు. యంత్రం తెలివి వెనుక మనిషి శ్రమ దాగి ఉంది.

మరొక భయం ఉపాధి గురించి. ఉత్తరాలు రాయడం, అనువదించడం, లెక్కలు సరిచూడడం వంటి పనులను యంత్రం చేస్తే, నలుగురి పనిని ఒక్కరితో సరిపెట్టుకునే అవకాశం యజమానికి కలుగుతుంది. మిగిలిన ముగ్గురి మాటేమిటి?

చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1811లో ఇంగ్లండులోని నాటింగ్‌హాం ప్రాంతంలో మేజోళ్ళు అల్లే కార్మికులు యంత్రాలను పగులగొట్టారు. వారిని లడ్డైట్లు అన్నారు. వారు యంత్రాలను ద్వేషించారని చాలామంది అనుకుంటారు. నిజానికి వారు ఎంతోకాలంగా అల్లిక యంత్రాలపై బతికినవారే. కూలి తగ్గించడం, పని రానివారితో నాసిరకం సరుకు చేయించడం వారి ఆగ్రహానికి కారణాలు. 1812లో బ్రిటిష్ పార్లమెంటు యంత్రాలను పగులగొట్టినవారికి మరణశిక్ష విధించే చట్టం చేసింది. మిల్లుల్లో స్త్రీలు, 18 ఏళ్ళలోపువారు రోజుకు 10 గంటలకు మించి పనిచేయరాదన్న చట్టం 1847లో గాని రాలేదు. ఈ 35 ఏళ్ళలో వేలాది పిల్లల బాల్యం మిల్లుల్లోనే గడిచిపోయింది.

ఈసారి అంత ఆలస్యం జరగరాదని కార్మికులు మేల్కొంటున్నారు. 2023లో అమెరికాలోని సినిమా, టెలివిజన్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. వారి కోర్కెలలో కృత్రిమ మేధ వాడకంపై నియమాలు కూడా ఉన్నాయి. యంత్రం రాసిన దానిని రచయిత రచనగా చూపి ప్రతిఫలం తగ్గించరాదని వారు ఒప్పందం సాధించారు. మన దేశంలో ఇంటింటికీ సరుకులు, భోజనం చేరవేసే కార్మికులకు ఏ పని ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో కంప్యూటరే లెక్కగడుతున్నది. ఇటువంటి కార్మికుల సంక్షేమం కోసం కర్ణాటక 2025లో చట్టం చేసింది. కంప్యూటరు తీసుకునే నిర్ణయాల గురించి కార్మికునికి తెలియజేయవలసిన బాధ్యతను అది సంస్థలపై ఉంచింది.

కృత్రిమ మేధ సమాజానికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు యంత్రం జవాబు చెప్పలేదు. అది ఎంత పని చేయగలదో శాస్త్రజ్ఞులు తేలుస్తారు. ఆ ఫలంలో ఎవరి వాటా ఎంతో చట్టాలు, ఒప్పందాలు, ప్రజల జాగరూకత తేలుస్తాయి. సాంచా వచ్చిన రోజున నేతగానిని ఎవరూ ఏమీ అడగలేదు. రేపటి యంత్రం వచ్చేముందు పనిచేసేవారిని అడగడం న్యాయం.