తొలి రేసులో ఏం చూడాలి?

ప్రపంచ మోటార్‌సైకిల్ రేసుల్లో అగ్రశ్రేణి పోటీ అయిన మోటోజీపీ నవంబరులో ముగిసి, మామూలుగా మళ్లీ ఫిబ్రవరి చివరనో మార్చిలోనో మొదలవుతుంది. ఈ నడిమి నెలల్లో అభిమానులకు రేసు ఉండదు గానీ ఊహలకు కొదవ ఉండదు. ఏ రైడర్ ఏ జట్టుకు మారాడు, ఏ కంపెనీ ఇంజన్‌ను ఎంత మెరుగుపరిచింది, నిరుడు గాయపడినవాడు కోలుకున్నాడా లేదా అన్న చర్చలన్నీ పోగుపడి పోగుపడి, సీజన్ తొలి రేసు రోజున ఒక్కసారిగా తీర్పులై బయటికి వస్తాయి. గెలిచినవాడే ఈ ఏటి విజేత అని కొందరు తేల్చేస్తారు, వెనకబడినవాడి పని అయిపోయిందని కొందరు అంటారు, ఓటమికి బండినో టైరునో తప్పుపట్టేవారు మరికొందరు. ఏడాదంతా సాగే ఇరవైకి పైగా పోటీల్లో ఇంత తొందరపాటు తీర్పులు వినిపించే రోజు మరొకటి లేదు.

కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారికి ఈ రేసులు దూరపు వ్యవహారంగానే కనిపించవచ్చు. ఈ మూడు పట్టణాల్లో ఎక్కడా రేసు ట్రాక్ లేదు, మోటోజీపీ చూసే యువకులు ఫోన్లోనే చూడాలి. అయితే పోటీని చూసే విద్యలో ఈ సీమ వారు ఎవరికీ తీసిపోరు, ఎందుకంటే ఇక్కడ తరతరాలుగా బండలాగుడు పోటీలున్నాయి. సంక్రాంతి మొదలుకొని శివరాత్రి, ఉగాది, ఆపైన వేసవి తిరునాళ్ల వరకు ఒంగోలు జాతి ఎద్దుల జతలు బరువైన బండను లాగే ఈ పోటీలకు చుట్టుపక్కల ఊళ్ల జనం ట్రాక్టర్ల మీద, మోటార్‌సైకిళ్ల మీద తరలివస్తారు. ఎద్దుల వయసును పళ్లను బట్టి లెక్కించి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ విభాగాలు చేస్తారు. నిర్ణీత సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు, ఆ దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు.

ఆ బరి పక్కన నిలబడి చూస్తే పెద్దవయసు రైతుల చూపు బండ మీద కాక ఎద్దుల కాళ్ల మీద ఉంటుంది. జత బరి చివరికి చేరి వెనక్కు మళ్లే చోట లోపలి ఎద్దు నిలదొక్కుకుని వెలుపలి ఎద్దు అడుగు చాచి తిరగాలి. ఆ మలుపులో ఒక ఎద్దు తడబడితే కాడి పక్కకు వాలుతుంది, బండ ఆగుతుంది, ఆగిన బండను మళ్లీ కదిలించడానికి ఊపిరి ఖర్చవుతుంది. మొదటి నిమిషాల్లో ఉరికిన జతను చూసి కుర్రకారు ఈలలు వేస్తే, అనుభవజ్ఞులు మాత్రం సగం సమయం గడిచాక మలుపులు ఎలా తిరుగుతున్నాయో చూసి గానీ మాట జారరు. నోరులేని జీవాల మీద చర్నాకోల ఎక్కువ ఆడటాన్ని ఆ పెద్దలే తప్పుపడతారు, పట్టాలి కూడా. ఎంత దూరం లాగిందన్న దానికన్నా ఎలా లాగిందన్నది చూసే ఈ దృష్టి మోటార్‌సైకిల్ రేసుకు అక్షరాలా వర్తిస్తుంది. అందుకు 2025 సీజన్ తొలి రేసును మించిన ఉదాహరణ దొరకదు.

ఆ రేసు 2025 మార్చి 2, ఆదివారం నాడు థాయిలాండ్‌లోని బురీరామ్‌లో, 4.554 కిలోమీటర్ల ట్రాక్ మీద జరిగింది. మన గడియారం ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, శివరాత్రి తిరునాళ్లు ముగిసి ఉగాది పోటీలు రావలసి ఉన్న రోజుల్లో. ఆనాటి ఆసక్తికి అసలు కారణం స్పెయిన్ దేశపు మార్క్ మార్కెజ్. 2013 నుంచి 2019 వరకు ఏడేళ్లలో ఆరు సార్లు మోటోజీపీ టైటిల్ గెలిచిన ఈ రైడర్, 2020లో స్పెయిన్‌లోని హెరెస్‌లో జరిగిన తొలి రేసులోనే పడిపోయి కుడి భుజపు ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపైన ఆ చేతికి శస్త్రచికిత్స మీద శస్త్రచికిత్స జరిగింది, గెలుపు అరుదైపోయింది, దీర్ఘకాలం నడిపిన హోండాను 2023 చివర వదిలి ఒక ఏడాది గ్రెసీని అనే ప్రైవేటు జట్టులో డుకాటీ బండి నడిపాడు. 2025లో డుకాటీ కంపెనీ సొంత జట్టులో చేరినప్పుడు, అదే జట్టులో రెండుసార్లు విజేత అయిన ఇటలీ రైడర్ ఫ్రాన్సెస్కో బన్యాయా ఉన్నాడు. ఇద్దరికీ ఒకే జట్టు, ఒకే రకం బండి కాబట్టి ఎవరు మేటి అన్న ప్రశ్నకు సాకులు చెప్పే వీలు లేకుండా పోయింది. అంతకుముందు ఏటి విజేత హోర్హే మార్టిన్ సీజన్‌కు ముందే గాయపడి బురీరామ్‌కు రాలేకపోవడంతో అందరి చూపూ ఈ ఇద్దరి మీదే నిలిచింది.

శనివారం జరిగిన స్ప్రింట్‌లో, అంటే ఆదివారపు రేసులో సగం దూరం ఉండే చిన్న రేసులో, మార్క్ గెలిచాడు, అతని తమ్ముడు అలెక్స్ రెండో స్థానంలో, బన్యాయా మూడో స్థానంలో వచ్చారు. ఆదివారం 26 ల్యాపుల రేసులోనూ, ల్యాపు అంటే ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు, మార్క్ మొదటి నుంచే ముందుకు సాగి దూరం పెంచుకుంటుండగా, ఏడో ల్యాపులో ఉన్నట్టుండి వేగం తగ్గించి తమ్ముణ్ణి ముందుకు పోనిచ్చాడు. బండికి ఏదో అయిందని, ఎండకు అలిసిపోయాడని, పాత గాయం తిరగబెట్టిందని ఎవరైనా అనుకోదగిన క్షణమది. అప్పటి నుంచి చాలాసేపు అతను అలెక్స్ వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని నడిచాడు. చివరికి మూడు ల్యాపులు మిగిలి ఉండగా తమ్ముణ్ణి దాటి, 1.7 సెకన్ల తేడాతో గెలిచాడు.

కారణం ముందు టైరులోని గాలి. మోటోజీపీలో ముందు టైరు గాలి ఒత్తిడి 1.8 బార్‌కు తగ్గకూడదన్న నియమం ఉంది. ఆదివారపు రేసులో 60 శాతం ల్యాపుల్లో ఈ కనీస ఒత్తిడి ఉండి తీరాలి, లేకపోతే రేసు ముగిశాక 16 సెకన్ల శిక్ష పడుతుంది. 1.8 బార్ అంటే మన కొలతలో సుమారు 26 పాయింట్లు, అంటే ప్రొద్దుటూరులో ఏ పెట్రోలు బంకులోనైనా మామూలు బండి ముందు చక్రానికి కొట్టే గాలికి ఇంచుమించు సమానం. గంటకు 360 కిలోమీటర్లు దాటగల బండికి అంత తక్కువ గాలి ఎందుకంటే, గాలి తక్కువైనకొద్దీ టైరు కాస్త అణిగి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, మలుపులో పట్టు పెరుగుతుంది. మరీ తగ్గితే టైరు దెబ్బతినే ప్రమాదముంది గనుక టైరు తయారీదారు కనీస పరిమితి పెట్టించారు. చిక్కంతా ఎక్కడంటే, వేడెక్కిన టైరులో గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. కడప ఎండల్లో బండి నడిపే డ్రైవర్లందరికీ ఇది తెలిసిన సంగతే. ముందున్న బండి ఇంజన్ వేడిగాలిలో నడిచే రైడర్ టైరు ఎక్కువ వేడెక్కుతుంది, ఎవరూ అడ్డులేని చోట ఒంటరిగా ముందు సాగేవాడి టైరుకు చల్లగాలి తగులుతుంది. అందుకే రేసుకు ముందు గాలి కొట్టేటప్పుడే తమ రైడర్ ముందుంటాడా, గుంపులో ఉంటాడా అని జట్టు అంచనా వేసుకోవాలి. ఆ రోజు ముందు సాగిన మార్క్ టైరులో ఒత్తిడి పరిమితికి తగ్గడంతో, తమ్ముడి వెనకకు చేరి అతని బండి వేడితో టైరును కాచుకున్నాడు. 26 ల్యాపుల్లో 60 శాతమంటే దాదాపు 16. అతను వెనక గడిపినవి కూడా ఇంచుమించు అన్నే.

రేసు ముగిశాక మార్క్ స్వయంగా ఈ సంగతి చెప్పడంతో అభిమానుల ఆశ్చర్యం రెండు దారులు పట్టడం సహజం. కావాలని చోటిచ్చి, కావలసినప్పుడు తిరిగి తీసుకోగల నైపుణ్యానికి నివ్వెరపోయేవారు ఒకవైపు. గాలి లెక్క కోసం ముందున్నవాడు వెనక్కు తగ్గవలసి వచ్చే నియమం పోటీ స్వభావాన్నే పాడుచేస్తోందని బాధపడేవారు ఇంకోవైపు. రెండో వాదనలో బలముంది. ఎంత వేగంగా నడపాలన్నది రైడర్ చేతిలో ఉండాలి గానీ రేసుకు ముందు వేసిన అంచనా చేతిలో ఉండకూడదు. ప్రాణాపాయాన్ని తప్పించే కనీస పరిమితి అవసరమే. ఆ పరిమితిని పాటించేందుకు ముందున్న రైడర్ వెనక్కు పోవలసి రావడమే లోపం.

ఇక తొలి రేసు గెలిచినవాడే ఏడాది విజేత అన్న నమ్మకం సంగతి. 2015 నుంచి 2024 వరకు పదేళ్ల చరిత్ర దీన్ని బొత్తిగా బలపరచదు. 2015లో తొలి రేసు వాలెంటినో రోసీ గెలిస్తే టైటిల్ హోర్హే లొరెంజోకు దక్కింది, 2016లో లొరెంజో గెలిస్తే టైటిల్ మార్కెజ్‌కు పోయింది. 2018, 2019లలో వరుసగా తొలి రేసు గెలిచిన ఆండ్రియా దొవిజియోసో రెండేళ్లూ మార్కెజ్ కన్నా వెనకే ఆగిపోయాడు. 2021లో మావెరిక్ విన్యాలెస్ తొలి రేసు గెలిచి ఆ సీజన్ పూర్తికాకుండానే యమహా జట్టుకు దూరమయ్యాడు. ఈ పదేళ్లలో ఒక్క 2023లో మాత్రమే తొలి రేసు విజేత బన్యాయా టైటిల్ కూడా గెలిచాడు. ఆ మరుసటి ఏడాది అతనే మళ్లీ తొలి రేసు గెలిచి, మొత్తం మీద ఆదివారపు రేసులు 11 గెలిచి కూడా టైటిల్ పోగొట్టుకున్నాడు. మూడు మాత్రమే గెలిచిన మార్టిన్ 508 పాయింట్లతో, 498 దగ్గర ఆగిన బన్యాయాను దాటాడు. గెలుపుకు 25, రెండో స్థానానికి 20, మూడో స్థానానికి 16 పాయింట్లు, స్ప్రింట్ గెలుపుకు 12 ఇచ్చే ఈ పద్ధతిలో పడిపోకుండా నిలకడగా పూర్తిచేసినవాడే ముందుంటాడు. సమయం ముగిసేదాకా బండను ఆపకుండా లాగిన జతకే బహుమతి దక్కడం ఎరిగిన జమ్మలమడుగు రైతుకు ఈ లెక్కలో వింతేమీ తోచదు.

మోటోజీపీ మన దేశానికి 2023 సెప్టెంబరులో ఒక్కసారే వచ్చింది. ఢిల్లీ దగ్గరి బుద్ధ ట్రాక్‌లో జరిగిన ఆ రేసును వేడి కారణంగా 21 ల్యాపులకు కుదించగా, ఇటలీ రైడర్ మార్కో బెజెకీ గెలిచాడు. కడప జిల్లా వారికి అందుబాటులో ఉన్న ట్రాక్ మాత్రం తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో మొదలైన ఈ ట్రాక్‌లో జాతీయ మోటార్‌సైకిల్ రేసులు జరుగుతాయి. టీవీఎస్, హోండా బండ్ల మీద మన దేశపు కుర్రవాళ్లు మలుపుల్లో మోకాలు నేలకు ఆనించి తిరగడాన్ని గట్టు మీద నుంచి చూసినవారికి ఫోన్లో కనిపించని వేగం, చప్పుడు అర్థమవుతాయి. గండికోట దారిలో బండి వాల్చి వీడియోలు తీసుకునే యువకులు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి, రక్షణ దుస్తులు, అంబులెన్సు, ఎదురుగా లారీలు రాని రోడ్డు ఉన్నచోట రేసు ఎలా ఉంటుందో చూడాలి.

బురీరామ్ రేసు విషయానికొస్తే, ఈసారి తొందరపడిన అభిమానుల మాటే నెగ్గింది: మార్క్ మార్కెజ్ 2025 సెప్టెంబరు 28న జపాన్‌లోని మోతెగిలో ఇంకా ఐదు పోటీలు మిగిలి ఉండగానే టైటిల్ ఖాయం చేసుకున్నాడు, తమ్ముడు అలెక్స్ రెండో స్థానంలో నిలిచాడు. అయితే ఆ మార్చి మధ్యాహ్నం ఎక్కువ గమనించదగింది మూడో స్థానం. తన జట్టువాడు వేగం తగ్గించుకుని అన్ని ల్యాపులు మరొకరి వెనక నడిచినా, అతణ్ణి అందుకోలేక 2.4 సెకన్ల వెనక రేసు ముగించిన బన్యాయా, సీజన్ చివరికి ఐదో స్థానానికి దిగిపోయాడు.