రెండు షాఫ్టులు, ఒకే గీత

హైదరాబాద్ చిల్కానగర్‌లో పంపు లేని ఇల్లు అరుదు. అయినా మోటారుకీ పంపుకీ అలైన్‌మెంట్ చూడాలన్న సంగతి ఆ ఇళ్లవాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోనోబ్లాకులో ఉండేది ఒక్కటే షాఫ్టు. ఒక కొసన మోటారు రోటరు, రెండో కొసన పంపు ఇంపెల్లరు. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్‌కు రెండు షాఫ్టులున్నా, వాటి ఫ్లాంజిలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చునేలా ఫ్యాక్టరీలోనే చెక్కి పంపిస్తారు.

అటు నాచారం, ఇటు ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల గేట్లు దాటితే కథ మారుతుంది. అక్కడి పెద్ద పంపుల్లో మోటారు ఒక కంపెనీది, పంపు ఇంకో కంపెనీది. కాలిపోతే మోటారొక్కటే విప్పుకోవచ్చు. వేడినీళ్లో యాసిడో తోడేటప్పుడు వైండింగు వాటికి దూరంగా ఉంటుంది. ఈ సౌకర్యానికి బదులుగా ఫిట్టరు మీద ఒక పని పడింది: రెండు షాఫ్టుల నడిమి గీతలను ఒకే గీతగా కలపడం.

ఈ పని మరీ పాతదేం కాదు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో జాన్ యాపోల్డ్ వంపు రెక్కల సెంట్రిఫ్యూగల్ పంపు జనాన్ని ఆకట్టుకున్న రోజుల్లో యంత్రాలను తిప్పింది ఆవిరి. మన వ్యవసాయ బావుల మీద ఆయిల్ ఇంజన్లు కూర్చున్నాక కూడా శక్తిని చాలాచోట్ల పట్టా బెల్టే మోసింది. బెల్టు ఓర్పు గలది. పుల్లీ కాస్త పక్కకు జరిగితే అరుగుతుంది, మరీ జరిగితే జారిపోతుంది, అంతే. కరెంటు మోటారు వచ్చి, మన 50 సైకిళ్ల సరఫరా మీద నిమిషానికి 1,500కు కాస్త తక్కువగానో, 3,000కు కాస్త తక్కువగానో తిరుగుతూ పంపుకు నేరుగా తగులుకున్నాక ఆ ఓర్పు పోయింది.

రెండు షాఫ్టులనూ కలపడానికి మధ్యలో రబ్బరు స్పైడరు ఉన్న కప్లింగో, టైరు కప్లింగో వేశాం కదా, కొంచెం తేడా ఉన్నా అదే సర్దుకుంటుందనే మాట వర్క్‌షాపుల్లో ఇప్పటికీ వినబడుతుంది. అది సగం నిజం, కాబట్టే ప్రమాదం. రబ్బరు తాను తెగకుండా ఓర్చుకుంటుంది గానీ, వంగిన ప్రతిసారీ అటూ ఇటూ షాఫ్టులను తోస్తుంది. ఆ తోపు బేరింగుల మీద, మెకానికల్ సీలు మీద పడుతుంది. బాల్ బేరింగు మీద భారం రెట్టింపైతే దాని ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సీలు కారుతుంటే సీలు మారుస్తారు, బేరింగు అరుస్తుంటే బేరింగు మారుస్తారు. కప్లింగ్ గార్డు విప్పి చూసేవాళ్లు తక్కువ.

ఎంత తేడా ఉండొచ్చు? 1,500 చుట్ల పంపుకు షాఫ్టుల మధ్య ఎడం 0.09 మిల్లీమీటరు దాటకూడదని వాడుకలో ఉన్న ఒక కొలత. దాదాపు తలవెంట్రుక మందం. 3,000 చుట్లకు అందులోనూ కోత పడుతుంది.

తేడా రెండు రకాలు. షాఫ్టులు సమాంతరంగానే ఉండి ఒకటి పైకో పక్కకో ఉండటం ఒకటి, కోణంలో వంగి ఉండటం ఇంకొకటి. సాధారణంగా రెండూ కలిసే వస్తాయి. పంపుకు పైపులు బిగించి ఉంటాయి కాబట్టి దాన్ని కదపరు. మోటారునే జరుపుతారు, కాళ్ల కింద పల్చటి రేకు షిమ్ములు వేసి లేపుతారు. లెక్క బడిలో చదివిన త్రిభుజాలదే. 200 మిల్లీమీటర్ల కప్లింగ్ పైభాగంలో సందు కిందికన్నా 0.10 ఎక్కువుందనుకోండి. మోటారు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య 500 మిల్లీమీటర్లుంటే, వెనకకాళ్ల కింద 0.25 మిల్లీమీటరు షిమ్ము పడాలి.

కానీ లెక్కకు ముందే చాలా పని ఉంది. బేస్‌ప్లేటు లెవెల్ చేసి, కింద బోలు లేకుండా గ్రౌటింగు పోసి, అది గట్టిపడేదాకా ఆగాలి. మోటారు కాళ్లలో ఒకటి గాల్లో ఉందేమో చూడాలి. ఇరానీ హోటల్లో ఊగే బల్లకు కాగితం మడిచి పెట్టినట్టు దాని కింద షిమ్ము పెట్టాలి. పెట్టకుండా బోల్టు బిగిస్తే మోటారు ఒళ్లే మెలిపడుతుంది. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద దొంగ పైపు. ఫ్లాంజి అందడం లేదని చైన్ బ్లాకుతో పైపును లాగి బోల్టులు బిగిస్తే, స్ప్రింగులాంటి ఆ పైపు పంపును రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుంది. అందుకే పైపు బిగించేటప్పుడు కప్లింగ్ మీద డయల్ గేజి ఉంచి, ముల్లు కదులుతుందేమో చూస్తారు.

ఆ డయల్ గేజికీ ఒక పుట్టుక ఉంది. అమెరికాలో వాల్థమ్‌కు చెందిన జాన్ లోగన్ 1883లో పేటెంటు కోరిన గేజి దాని పూర్వీకుల్లో ఒకటి. అంతకుముందు ఫిట్టరుకు దిక్కు స్ట్రెయిట్ ఎడ్జి, ఫీలర్ గేజీలే. డయల్‌ను ఒక షాఫ్టుకు బిగించి, ముల్లును రెండో కప్లింగ్ అంచుకు ఆనించి, రెండు షాఫ్టులనూ కలిపి తిప్పుతారు. పైన సున్నా పెట్టి కిందికి తిప్పితే 0.20 చూపిందా, అసలు తేడా 0.10. ఈ సగం సంగతి మరిచి షిమ్ము రెట్టింపు వేసేవాళ్లున్నారు. పైన, కింద రీడింగుల మొత్తం రెండు పక్కల మొత్తంతో సరిపోకపోతే, గేజి ఎక్కడో వదులైనట్టే.

1984లో జర్మనీకి చెందిన ప్రూఫ్‌టెక్నిక్ కంపెనీ ఆప్టలైన్ పేరుతో లేజర్ పరికరం తెచ్చింది. లెక్క అది చేసేస్తుంది, ఏ కాలి కింద ఎంత షిమ్మో తెర మీదే చూపిస్తుంది. అయితే గాల్లో ఉన్న కాలినీ, లాగుతున్న పైపునూ లేజర్ కిరణం సరిచేయలేదు.

కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లో కాళేశ్వరం గాయత్రి పంప్‌హౌస్‌కు వెళ్తే ఇదే సమస్య నిలువుగా లేచి నిలబడుతుంది. 2019లో అక్కడ మొదలైన ఒక్కో యంత్రం సామర్థ్యం 139 మెగావాట్లు. మోటారు పైన, పంపు కింద. అలాంటి నిలువు యంత్రాల్లో ప్రశ్న ఒక్కటే: షాఫ్టు గుండు దారంలా నిట్టనిలువుగా ఉందా, తిప్పితే ఎక్కడైనా ఊగుతోందా?

మళ్లీ అడ్డం పంపు దగ్గరికి వస్తే, వేడి సంగతి మిగిలింది. ఉక్కు మీటరు పొడవున డిగ్రీకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది. కాళ్ల నుంచి షాఫ్టుకు 400 మిల్లీమీటర్ల ఎత్తున్న పంపు వేడినీళ్లతో 50 డిగ్రీలు కాగితే, దాదాపు 0.24 మిల్లీమీటరు పైకి లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సున్నాకు తెచ్చిన అలైన్‌మెంట్ నడక మొదలయ్యాక చెడిపోతుందన్నమాట. తెలిసిన ఫిట్టరు మోటారు తన వేడికి ఎంత లేస్తుందో తీసేసి, మిగతా ఎత్తు ముందే ఇస్తాడు. గంటల తరబడి నడిపాక ఆపి, వేడి చల్లారకముందే గార్డు విప్పి మళ్లీ గేజి పెడతాడు. రీడింగు నిలిచిందని తేలాకే కాళ్లకు డోవెల్ పిన్నులు దిగగొడతాడు.