క్లౌడు యంత్రశాలలు – వాని నమూనాపత్రములు

దస్తావేజు లేఖరి యొద్ద క్రయమున కొకటి, తాకట్టున కొకటి, భాగపంపకమున కొకటి చొప్పున నమూనాలు ఉండును. పేరు, సర్వే నెంబరు, హద్దులు, ధనము వ్రాయవలసిన తావులు మాత్రము ఖాళీగా విడువబడి, తక్కిన వాక్యములు ముందే సిద్ధమై యుండును. నేడు కంప్యూటరు యంత్రశాలలను నడపువారును ఇట్టి నమూనాపత్రములతోడనే పనిచేయుచున్నారు. ఆ పత్రములు యంత్రములచే ఎట్లు అమలు జరుగునో, వానిని మార్చునపుడు ఏ జాగ్రత్త వలయునో ఈ ప్రసంగమున వివరించెదను.

ముండ్లమూరులో ఒక రైతు తన పొలము అడంగలును ఫోనులో చూచుచున్నాడనుకొనుడు. ఆ లెక్క ఫోనులో లేదు. దూరమున సర్వరు అను కంప్యూటరులో నున్నది. సర్వర్లను సొంతముగా కొనక, వలసినంత కాలము అద్దెకు తీసికొను పద్ధతికి క్లౌడు అని పేరు. ఆ మాటకు మేఘమని యర్థమైనను యంత్రములు నేలమీది భవనములలోనే యున్నవి. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున ఇట్టి కేంద్రమును తెరచెను. ఒకచోట చెడినను వేరొకచోట పని సాగుటకై అది మూడు వేర్వేరు విభాగములుగా ఏర్పాటైనది.

పూర్వము ఒక్కొక్క సర్వరును మనుష్యుడే సిద్ధపరచెడివాడు. యంత్రములు పెరిగినకొలది ఏదో యొకటి మరపున పడుట సహజము. అమెరికాలో షేర్ల వ్యాపారము చేయు నైట్ క్యాపిటల్ అను సంస్థకు 2012 ఆగస్టు 1వ తేదీన జరిగినది ఇదియే. క్రొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో పెట్టవలసియుండగా, పనివాడు ఏడింట పెట్టి ఒకదానిని విడిచెను. ఆ పని సరిచూచుటకు రెండవ మనిషి లేడు. ఎనిమిదవ సర్వరులోని పాత ప్రోగ్రాము మేల్కొని అక్కరలేని క్రయవిక్రయములు చేయగా, సుమారు 45 నిమిషములలో 44 కోట్ల డాలర్లకు మించిన నష్టము వాటిల్లెను.

ఇట్టి మరపునకు విరుగుడుగా నమూనాపత్రము వచ్చినది. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ అనువారు సి.ఎఫ్.ఇంజిన్ అను సాధనమును నిర్మించిరి. యంత్రము తుదకు ఏ స్థితిలో నుండవలెనో వ్రాసిన చాలును, ఆ స్థితికి తెచ్చు పని సాధనమే చూచుకొనును అనునది అందలి మూలసూత్రము. ఈ మార్గముననే క్లౌడు సర్వర్ల నిర్మాణమునకు 2011లో అమెజాను వారి క్లౌడ్‌ఫార్మేషన్, 2014లో టెర్రాఫార్మ్ వెలువడినవి. పత్రములో నాలుగు సర్వర్లు ఉండవలెనని వ్రాసియుండి, వాస్తవముగా మూడే యున్నచో సాధనము నాలుగవదానిని కల్పించును. నాలుగును ఉన్నచో ఏమియు చేయదు. ఎన్నిమారులు నడిపినను ఐదవది పుట్టదు.

సర్వరులోని ప్రోగ్రాములకు దొంగలు చొరబడు కంతలు బయటపడినకొలది వానిని పూడ్చిన క్రొత్త కూర్పులు వచ్చుచుండును. పత్రములో కూర్పుసంఖ్య వ్రాయబడియుండును. క్రొత్త కూర్పు వచ్చినదని కనిపెట్టి, ఈ సంఖ్యను దిద్దుడని సూచించుటకును ఒక యంత్రమును నియమింపవచ్చును. పిమ్మట పరీక్షలు నడచును. బాధ్యత గల మనిషి చూచి ఒప్పుకొనును. అటుపై సాధనము పని జరుపును. ఎవరైన పత్రము దిద్దక సర్వరునే చేతితో సవరించినచో, పత్రమొకటి, వాస్తవమొకటి యగును. తరువాత సాధనము నడచినపుడు ఆ చేతి సవరణ తుడిచిపెట్టుకొని పోవచ్చును. కావున దిద్దవలసినది పత్రమునే.

ఇచట ఒక మెలకువ గలదు. కొన్ని మార్పులు ఉన్న యంత్రమునకే జరుగును. మరికొన్నింటికి పాతదానిని తీసివేసి క్రొత్తది కట్టవలసివచ్చును. లెక్కలు దాచియున్న డేటాబేసునకు పేరు మార్చుట చూచుటకు చిన్న దిద్దుబాటే. కాని క్లౌడ్‌ఫార్మేషన్‌లో దానికి క్రొత్త డేటాబేసు కట్టబడును. లోపలి లెక్కలకు వేరే నకలు లేనిచో అవి నశింపవచ్చును. అందుచేతనే ఏది మారును, ఏది తొలగును అను పట్టికను ముందుగా చూపు సౌకర్యము ఈ సాధనములలో నున్నది. దానిని చదువక అంగీకరించుట, చదువని దస్తావేజుపై చేవ్రాలు చేయుటయే.

యంత్రము మరవదు సరే. తప్పును సైతము మరవక అన్నిచోట్లకు చేర్చును. 2024 జూలై 19న జరిగిన యుపద్రవము క్లౌడు నమూనాలది కాకున్నను, దీనికి సోదరమైనదే. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ తన ప్రోగ్రామునకు ఒక అమరిక ఫైలును పంపెను. నమూనాలో 21 తావులు ఉండగా, ప్రోగ్రాము అందించునవి 20 మాత్రమే. లేని ఇరువదియొకటవదానిని చదువబోయి కంప్యూటర్లు కూలినవి. సంస్థ 78 నిమిషములలో ఆ ఫైలును వెనుకకు తీసికొన్నను, అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినవి. వానిలో పెక్కింటిని మనుష్యులు ఒక్కొక్కదాని యొద్దకు పోయి బాగుచేయవలసివచ్చెను. ఆ దినమున శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి.

ఆ ఫైలును మొదట కొద్ది యంత్రములకే పంపి చూచియుండినచో కీడు అంతటితో ఆగెడిది. మన మిరపరైతు క్రొత్త విత్తనమును పొలమంతయు నాటడు. కొద్ది సెంట్లలో వేసి, తెగులు, కాపు చూచి, మరునాటి యేటికి విస్తరించును. యంత్రములకును నీతి యిదియే. నూరింటిలో ముందు రెండింట మార్చి, వాని ఆరోగ్యమును కొంతసేపు కనిపెట్టి, పిమ్మట పదింట, తుదకు అన్నింట మార్చవలెను. చెడిన తోడనే పాత కూర్పునకు మరలు దారి ముందే సిద్ధపరచుకొనవలెను.

పింఛనునకు, రేషనునకు వ్రేలిముద్ర వేయు ఈ కాలమున ఇది పట్టణవాసుల ముచ్చట మాత్రము కాదు. దూరమున ఒక సర్వరు నిలిచిపోయిన వేళ మన యూరి ముసలమ్మ ఉత్తచేతులతో ఇల్లు చేరవలసి యుండును. కంప్యూటరు తప్పు అని ఎవరైన చెప్పినపుడు పెద్దలు అంతటితో ఊరకుండక మూడు ప్రశ్నలు అడుగవచ్చును: ఈ మార్పును ముందుగా కొద్దిచోట్ల పరీక్షించితిరా? పాత లెక్కలకు నకలు ఉన్నదా? యంత్రము నిలిచినపుడు చేతితో పని జరుపు ఏర్పాటేమి? ఈ మూడింటికి జవాబు సిద్ధముగా నుంచుకొనినవారే యంత్రమును నమ్మి నడపదగినవారు.