స్క్రీన్ కడిగిన నీళ్లు

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు అచ్చేసే దుకాణాలకు స్క్రీన్ కడగడం నిత్యం ఉండే పని. చట్రానికి బిగించిన పాలిస్టర్ బట్టకు ఎమల్షన్ పూసి ఆరబెడతారు. దాని మీద డిజైన్ ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తే, వెలుతురు తగిలిన మేర ఎమల్షన్ గట్టిపడుతుంది. తగలని చోట నీళ్లకు కరిగిపోతుంది. ఆర్డరు అయిపోయాక గట్టిపడిన పొరను కూడా రసాయనంతో వదిలించి కడిగేస్తారు. తూముకు తిప్పలు మొదలయ్యేది ఇక్కడే. ఆ పొర పూర్తిగా కరగదు, తొక్కలుగా, పీలికలుగా ఊడి వస్తుంది. సింకు కింది వంపులో ఒక తొక్క ఆగితే దానికి సిరా పట్టుకుంటుంది, ఆ సిరాకు ఇంకో తొక్క. టీషర్టులకు వాడే ప్లాస్టిసాల్ సిరా ఇంకా మొండిది. సుమారు 160 డిగ్రీల వేడి తగిలితే తప్ప గట్టిపడదు కాబట్టి గొట్టంలో ఎన్నాళ్లున్నా జిగటగానే ఉంటుంది.

వడపోత, నీళ్లు వదలకముందే మొదలవ్వాలి. సిరా లాగే స్క్వీజీ మీద, స్క్రీన్ మీద మిగిలినదాన్ని గీకి డబ్బాలోకి ఎత్తాలి. మిగతాది గుడ్డతో తుడవాలి. థిన్నర్, కిరసనాయిలు సింకులో పోయనే కూడదు.

ఆ తర్వాత సింకు నోటికి సన్నని జాలీ, దాని కింద అడ్డుగోడలున్న తేరుడు తొట్టి. నీళ్లు నెమ్మదిగా సాగితే బరువైన మడ్డి అడుగుకు చేరుతుంది, నూనెలాంటిది పైకి తేలుతుంది, నడిమి నీళ్లే ముందుకు పోతాయి. తొట్టి చిన్నదైతే ప్రెషర్ గన్ ధారకు అడుగు మడ్డి మళ్లీ లేస్తుంది. చోటు ఇరుకైనా తొట్టి దగ్గర పిసినారితనం పనికిరాదు. చివర సంచీ ఫిల్టర్లు: ముందు 50 మైక్రాన్లది, తర్వాత 5 మైక్రాన్లది. వరస తారుమారైతే సన్నది వెంటనే పూడిపోతుంది. ఇలా తేరిన నీళ్లు తొలి కడుగుడుకు మళ్లీ పనికొస్తాయి.

అయితే నీళ్లలో కరిగినదాన్ని ఏ సంచీ పట్టలేదు. ఎమల్షన్‌లో కలిపే నారింజరంగు బైక్రోమేట్‌లో ఉండేది క్యాన్సర్ కారకమైన క్రోమియం. తూము బాగా పారుతున్నా అది నీళ్లతోపాటే పోతుంది. బైక్రోమేట్ మానేసి డయాజోలాంటి ఎమల్షన్‌కు మారాలి, ఇందులో బేరం లేదు.

మిగిలిన మడ్డిని ఆరబెట్టి మూతడబ్బాలో దాచాలి. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం దుండిగల్‌లో ఉంది. గుప్పెడు మడ్డి కోసం ఒక్కో దుకాణం అక్కడిదాకా పోలేదు గనక, గల్లీ అంతా కలిసి ఒకే డ్రమ్ము పెట్టుకుని, నిండినప్పుడు పంపితే సరిపోతుంది.